ఒక మీటరు దూరం

ఈ ఆదివారం మా బ్లాకు కింద రాతి బల్ల మీద ఎవరో టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్ళారు. ఈ ఊళ్ళో దాని అర్థం చిన్నపిల్లలకు కూడా తెలుసు: ఈ చోటు నాది, ఇప్పుడే వస్తాను అని. తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో మధ్యాహ్నం పూట జనం అలాగే కుర్చీలు చోప్ చేసుకుంటారు. కానీ చోవా చూ కాంగ్‌లో ఒక బ్లాకు కింద, గోడలు లేని వాయిడ్ డెక్‌లో, ఎవరూ ఆశపడని బల్లను అలా చోప్ చేసుకునే మనిషిని నా జన్మలో ఒక్కరినే చూశాను. ఆయన పోయి మూడు నెలలైంది. కూరగాయల సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. కాసేపటికి ఒక చైనీస్ ముసలావిడ వచ్చి, ప్యాకెట్‌లోంచి ఒక కాగితం లాగి ముక్కు చీదుకుని, మిగతాది జేబులో వేసుకుని లిఫ్టు వైపు వెళ్ళిపోయింది. నేను ఇంటికొచ్చి పాలకూర ఫ్రిజ్‌లో పెట్టడం కూడా మరిచి ఇది రాయడానికి కూర్చున్నాను.

ఆయన పేరు రాయను. ఆయన నూట నలభై పేజీల చరిత్ర ఒకటి రాశారు. అందులో తన పేరు ఒక్కచోటా పెట్టుకోలేదు. తన ప్రసక్తి తప్పనిచోట 'గీతలవాడు' అని మాత్రం రాసుకున్నారు. ఆ మర్యాద నేనూ దాటను.

ఆయనది విశాఖపట్నం, గాజువాక వైపు. ఉద్యోగం తువాస్‌లో, ఓడల మరమ్మతు యార్డులో. ఓడ పొట్టకు వేసిన రంగు ఎంత మందాన ఉందో కొలిచి సంతకం పెట్టడం ఆయన పని. మా బ్లాకులోనే ఏడో అంతస్తులో ఒక చైనీస్ ఇంటావిడ దగ్గర గది అద్దెకు తీసుకుని ఉండేవారు. పెళ్ళి సంగతి ఎవరైనా అడిగితే "కుదర్లేదమ్మా" అని, బస్సు తప్పిపోయిందని చెప్పినంత తేలిగ్గా చెప్పి వేరే మాటలోకి దిగేవారు. రోజూ పొద్దున్నే కంపెనీ బస్సెక్కి వెళ్ళి, చీకటి పడ్డాక రంగు వాసనతో వచ్చేవారు. ఆరు రోజులు ఆయన ఉన్నట్టు ఎవరికీ తెలిసేది కాదు. ఏడో రోజు మాత్రం మధ్యాహ్నం ఒంటిగంటకే దిగి, బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, పక్క దుకాణానికి వెళ్ళి కాఫీ తెచ్చుకుని, తను చోప్ చేసుకున్న చోటులోనే తను కూర్చునేవారు.

మేము కరీంనగర్ వాళ్ళం. నేను ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. ఈ బ్లాకులో నాలుగో అంతస్తుకి కొత్తగా వచ్చినప్పుడు మా అమ్మాయికి ఆరేళ్ళు. ఒక ఆదివారం లిఫ్టు కోసం నిలబడి ఉంటే అది నా చెయ్యి లాగింది.

"మమ్మీ, దట్ అంకుల్ బౌయింగ్ టు ద కార్ పార్క్ లా."

చూస్తే నిజమే. పొట్టిగా, బక్కగా, తెల్ల చొక్కా టక్ చేసుకున్న ఒక పెద్దాయన ఫోను బల్ల మీద పెట్టి, లేచి నిలబడి, చేతులు తొడలకు ఆనించి, కార్ల వైపు నడుము దాకా వంగారు. అలాగే కొంచెంసేపు ఉండి, లేచి, కూర్చుంటూ "మళ్ళీ మూడేట్రా బాబూ" అన్నారు. ఆ ఒక్క మాటతో దొరికిపోయారు. తెలుగు మనిషి ఎదురైతే ఊరుకునే రకం కాదు నేను.

"ఎవరికి దండం పెడుతున్నరు అంకుల్?"

"దండం కాదమ్మా. ఆట అయిపోయినాక మనోళ్ళు వరసగా నిలబడి, చూడ్డానికొచ్చినోళ్ళకి వంగుతారు. ఒక్కడొచ్చినా వంగుతారు. ఆళ్ళక్కడ వంగే టైముకి నేనిక్కడ తిరిగి వంగాలి కదేటి."

"గెలిచిన్రా మనోళ్ళు?"

"మూడు సున్నా. ఓడిపోనారు." కొంచెం ఆలోచించి, "గాని వానలో ఆడారమ్మా" అన్నారు.

నేను క్రికెట్ అనుకున్నాను. మనోళ్ళంటే జపాన్‌లో, లోపలి సముద్రం ఒడ్డున, మ్యాపులో వెతుక్కోవాల్సిన ఒక ఓడరేవు ఊళ్ళో ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్ళని తెలియడానికి ఇంకో రెండు ఆదివారాలు పట్టింది. ఆ దేశంలో పెద్ద లీగులున్నాయట. వాటి కింద ప్రాంతాల లీగులు, వాటి కింద జిల్లా లీగులు. మనోళ్ళది ఆ చిట్టచివరి మెట్టు. టీవీలో రారు, పేపర్లో రారు. ఆయన వయసులో ఉన్నప్పుడు ఎనిమిదేళ్ళు ఆ ఊరి షిప్‌యార్డులో రంగుల పని చేశారు. ఆ క్లబ్బు ఆ యార్డు పనివాళ్ళదే. ఆయన ఆడలేదు. మైదానం మీద సున్నంతో గీతలు గీసేవారు. అక్కడి నుంచి వచ్చేసి ముప్పై ఏళ్ళు దాటినా, ఆదివారం రెండింటికి స్కోరు వస్తుంది.

పంపేది ఆ ఊరి మంగలి షాపు యజమాని. ఒకప్పుడు ఆయనా ఆ జట్టు ఆటగాడే. మొదట్లో పోస్టుకార్డు మీద రాసి పంపేవాడట, తరువాత ఫోనులో. ఎప్పుడైనా సరే రెండు అంకెలే. ఎలా ఉన్నావు, ఏం తిన్నావు అని ఒక్క మాట ఉండదు. ఈయన జపనీసు నోటితో మాట్లాడేవారే కానీ చదవడం, రాయడం రాదు. అందుకని అంకెలతో సరిపెట్టుకున్నారు ఇద్దరూ. ముప్పై ఏళ్ళ స్నేహాన్ని రెండేసి అంకెలతో లాక్కొచ్చారంటే నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నా మీద నాకే చిరాకేస్తుంది.

ఆయన దగ్గర రెండు వింతలుండేవి. ఒకటి పులిహోర. చింతపండు పులిహోర చేసి, మూడు మూలల ముద్దలుగా అదిమి, ఒక్కోదానికీ సముద్రపు నాచు రేకు చుట్టేవారు. "పొలం పులుసు, సముద్రం ఉప్పు" అని ఒకటి నా చేతిలో పెట్టేవారు. మా ఆయన ఒక్కసారి కొరికి, మర్యాదగా మిగతాది జేబులో వేసుకున్నాడు. మా అమ్మాయికి మాత్రం ఇష్టం. రెండోది, ప్యాంటు జేబులో ఎప్పుడూ ఉండే కొలత టేపు. మేము హాల్లో పుస్తకాల అర బిగిస్తుంటే పైనుంచి దిగొచ్చి మూడుసార్లు కొలిచారు. కొలిచిన ప్రతిసారీ "ఇది అడుగులా, మీటరా?" అని టేపు అంచు కళ్ళ దగ్గర పెట్టుకుని చూసేవారు. ఓడల తనిఖీ మనిషికి ఇంత అనుమానమేమిటని మా ఆయన ఏడిపించాడు. ఆయన నవ్వలేదు. నాలుగోసారి కొలిచారు.

పోయిన ఏడాది ఒక ఆదివారం స్కోరుతో పాటు ఒక ఈమెయిలు కూడా వచ్చింది. రాసింది మంగలాయన కూతురు. ఆ ఊరి బళ్ళో ఇంగ్లీషు టీచరు. నన్ను చదవమని ఫోను నా చేతికిచ్చారు. ఈ సీజనుతో క్లబ్బు మూసేస్తున్నారు. పిల్లలు తగ్గి ఊళ్ళో రెండు బళ్ళు కలిసి ఒకటయ్యాయి, ఆడేవాళ్ళు లేరు. చివరి రోజున పాతవాళ్ళంతా కలిసి భోజనం చేస్తారు. అక్కడ క్లబ్బు చరిత్ర చదవాలని ఉంది, కానీ పుస్తకాలన్నీ ఒక వరదలో పోయాయి. మీ దగ్గర నాన్న పంపిన కార్డులు ఇంకా ఉన్నాయా?

ఉన్నాయి. అన్నీ ఉన్నాయి. బిస్కెట్ డబ్బాల్లో, ఏడాదికొక కట్ట చొప్పున. ఈ ప్రపంచం మొత్తంలో ఆ క్లబ్బు ఎన్ని గోల్స్ తిన్నదో రుజువులతో చెప్పగలిగిన మనిషి చోవా చూ కాంగ్‌లో గది అద్దెకుండే ఒక విశాఖపట్నం ఆయన.

మర్నాటి నుంచి రాయడం మొదలుపెట్టారు. యార్డులో పనికిరాకుండా పోయిన తనిఖీ ఫారాల వెనక వైపు, గుండ్రటి తెలుగు అక్షరాలతో. నేను దాన్ని ఇంగ్లీషులో పెట్టాలి, ఆ టీచరమ్మ జపనీసులో పెట్టాలి. అదీ ఏర్పాటు.

"ఫోటో తీసి కంప్యూటర్ల పెడితే అదే చేస్తది కదా అంకుల్" అన్నాను.

"చేస్తాదేమో గాని, అది చదవదు కదమ్మా. ఆళ్ళకి ముందు ఒక మనిషైనా చదవాలి."

అలా ఆదివారాలు మా భోజనాల బల్ల మీదికొచ్చాయి. చెప్పకూడదు గానీ, మొదట్లో విసుగ్గానే కూర్చున్నాను. మొదటి అధ్యాయం పేరు 'గాలి'. వెల్డింగ్ పనివాళ్ళు మధ్యాహ్నం భోజనం వేళ ఇనుప ముక్కు బూట్లతో ఆడుకున్న ఆట నుంచి క్లబ్బు పుట్టింది. మైదానం యార్డు వెనక, సముద్రాన్ని పూడ్చిన నేల మీద ఉండేది. అది సముద్రం వైపు వాలి ఉండటం వల్ల బంతి తరచూ నీళ్ళలో పడేది. దాన్ని తీసుకురావడానికి ఒక జాలరి పడవేసుకుని ప్రతి మ్యాచ్‌కూ వచ్చేవాడు. 'ఈయనే మా మొదటి అభిమాని, ఎందుకంటే వెళ్ళిపోవడానికి వీలులేదు' అని రాశారు గీతలవాడు. యార్డు మూతబడినప్పుడు కంపెనీ తన పేరు వెనక్కి తీసుకుంది. ఆటగాళ్ళ భార్యలు కూర్చుని చొక్కాల మీద అక్షరాల కుట్లు విప్పారు. ఎండకు వెలిసిన గుడ్డ మీద ఆ అక్షరాల చోటు మాత్రం ముదురు రంగుతో మిగిలిపోయింది. తరువాత సోయా పన్నీరు చేసే ఒకాయన క్లబ్బు పెద్దయ్యాడు. ఒక ఏడాది మొత్తం మీద పదిమందే దొరికితే, యాభై దాటిన ఆ పన్నీరాయనే పదకొండోవాడిగా నిలబడ్డాడు.

ప్రతి మ్యాచ్‌కూ వాతావరణం, స్కోరు, చూడటానికి ఎంతమంది వచ్చారన్నది ఉండేది. ఈయన అక్కడ లేని ఏళ్ళవి కూడా ఫోను చేసి కనుక్కున్నారట. 'వాన. రెండు నాలుగు. చూసినవారు ఏడుగురు, ఒక కుక్క. రెండో సగంలో కుక్క వెళ్ళిపోయింది.' అది చదివి గట్టిగా నవ్వాను. మెల్లగా నాకు తెలియకుండానే ఆదివారం కోసం ఎదురుచూడటం మొదలైంది. ఒక్క కప్పు గెలవని, ఒక్క మెట్టు ఎక్కని క్లబ్బుకు ఇంత చరిత్ర ఉంటుందని నాకేం తెలుసు.

ఎక్కబోయి ఆగిన సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఒక ఏడాది కాగితాలు లేవు. ముందు ఏడాది ఉంది, తరువాతి ఏడాది ఉంది. మధ్యలో ఒక్కటి లేదు. ఆ ముందు ఏడాది చివర్న 'వచ్చే సంవత్సరం మనం పై లీగుకు వెళ్ళగలం అని అందరూ అంటున్నారు' అని ఉంది. ఆ తరువాతి ఏడాది మొదట్లో మంగలాయన ఆడటం మానేశాడని ఉంది.

"నడుమ ఒక సాలుది లేదేంది అంకుల్?"

ఆయన కాఫీ గ్లాసు పక్కకు జరిపారు. మా ఆయన అమ్మాయిని ఈతకు తీసుకెళ్ళాడు.

"రాయాలనే మొదలెట్టానమ్మా ఈ పనంతా. అది రాయడానికే" అన్నారు.

అప్పుడు చెప్పారు. గీతలు గీసే అసలు మనిషి ఒక జపాన్ ముసలాయన. ఆయన దగ్గర ముళ్ళు వేసిన తాడుండేది. ఒక్కో ముడికీ ఒక్కో గీత. టేపుతో పనిలేదు, తాడు పరిస్తే మైదానం వచ్చేసేది. ఈయన ఆయన వెనక సున్నం బండి తోసేవారు. ఆ ఏడాది ఆఖరి మ్యాచ్, గెలిస్తే పై లీగుకు వెళతారు. ముందురోజు ఇద్దరూ కలిసి గీతలన్నీ గీశారు. మర్నాడు పొద్దున్నే పెద్ద వాన పడి, సముద్రం వైపు ఉన్న సగంలో నీళ్ళు నిలిచి గీతలు కొట్టుకుపోయాయి. ముసలాయనకు జ్వరం, లేవలేదు. తాడు ఆయన ఇంట్లో ఉంది. ఆట మొదలవడానికి గంట ఉంది. ఈయన యార్డులోంచి టేపు తెచ్చి ఒక్కడే ఆ సగం మళ్ళీ గీశారు. గోలు దగ్గర తప్పు జరిగితే అవతలి జట్టు ఆటగాడొక్కడు బంతిని పెట్టి గోలు కాసే గోలీ మీదికి తన్నే చుక్క ఒకటుంటుంది. అది గోలుకు పన్నెండు గజాల దూరమని గాజువాకలో హైస్కూలు డ్రిల్లు మాస్టారు చెప్పిన మాట ఈయన బుర్రలో ఉండిపోయింది. చేతిలో ఉన్నది మీటర్ల టేపు. తొందర. పన్నెండు దగ్గర సున్నం పోశారు. పన్నెండు గజాలంటే పదకొండు మీటర్లు.

"ఆట ఆఖర్న మనోళ్ళకే వచ్చిందమ్మా ఆ పెనాల్టీ. ఆ సగంలోనే. ఏస్తే గెలిచీసినట్టే. మంగలోడు తన్నాడు. బాగానే తన్నాడు. గోలీ ఏలి కొసలకి తగిలి పక్కకెళ్ళిపోనాది."

"మరి రెఫరీ చూడలేదా?"

"తడి నేల, గీతలన్నీ మసక. ఎవుడూ చూడలేదు. మర్నాడు మైదానం ఊడుస్తూ ఎందుకో కొలిచాను. కొలిచి, చీపురుతో చుక్క చెరిపీసాను."

నాకు అప్పటికీ సరిగ్గా తలకెక్కలేదు. "ఒక్క మీటరే కదా అంకుల్" అన్నాను. ఆయన లేచి, టేపు తీసి, నన్ను బయట వసారాలోకి రమ్మన్నారు. మా గుమ్మం దగ్గర నుంచి కొలిస్తే పదకొండు మీటర్లకు పక్కింటి మలయ్ వాళ్ళ చెప్పుల స్టాండు వచ్చింది. పన్నెండుకి దాని అవతల చైనీస్ వాళ్ళు అగరొత్తులు గుచ్చే ఎర్ర డబ్బా. నన్ను ముందు చెప్పుల దగ్గర నిలబెట్టారు, తరువాత డబ్బా దగ్గర. మా గుమ్మం వైపు చూడమన్నారు. పెద్ద తేడా ఏమీ కనిపించలేదు. ఒక పెద్ద అంగ.

"అంతే. ఒక్క అంగ" అన్నారు ఆయన. "రెండేళ్ళకి యార్డు మూసీసారు. పై లీగుకెళ్ళుంటే కంపెనీ క్లబ్బుని వదిలీది కాదని ఊరంతా అనుకున్నారు. ఆడు మర్నాటి నుంచి బంతి ముట్టలేదు. క్లబ్బొదిలి పోలేదు, స్కోర్లు రాసుకుంటూ కూర్చున్నాడు. నాకు ముప్పై ఏళ్ళు ఆ స్కోర్లే పంపాడు. ఎన్నిసార్లు ఫోను చేశానో చెప్పీడానికి. చేసి, అక్కడ చలిగా ఉందా అని అడిగి పెట్టీసేవాణ్ణి. నోటితో అవదమ్మా. రాస్తే, అందరి ముందూ చదివితే, ఆడి తప్పు కాదని ఊరికి తెలుస్తాది."

వారం తిరక్కుండా ఆ అధ్యాయం తెచ్చి ఇచ్చారు. రెండు పేజీలు. ఎక్కడా ఏడుపు లేదు, సాకు లేదు. 'గీతలవాడు చుక్కను ఒక మీటరు దూరంగా పెట్టాడు. తన్నినవాడి తప్పు లేదు. తెలిసి కూడా గీతలవాడు చెప్పలేదు' అని ఉంది.

ఇక్కడ నా ఉద్యోగం గురించి ఒక మాట చెప్పాలి. బ్యాంకులో ఏదైనా సిస్టం పడిపోతే, పెద్దవాళ్ళకు వెళ్ళే ఉత్తరం రాసేది నేను. ఆ విద్యలో నాకు మంచి పేరుంది. తప్పు చేశాం అని రాయకూడదు. స్వల్ప వ్యత్యాసం గమనించబడింది అని రాయాలి. ఎవరు, ఎందుకు అన్నవి వాక్యంలో కనిపించకుండా మాయం చేయాలి. పదిహేనేళ్ళుగా చేస్తున్న పని, నిద్రలో కూడా చేయగలను.

ఆ మూడు వాక్యాలు నా చేతిలో ఇలా మారాయి: 'ఆ రోజు భారీ వర్షం కారణంగా మైదానం గుర్తుల్లో స్వల్ప తేడాలు ఏర్పడి ఉండవచ్చు. అయినా మన జట్టు వీరోచితంగా పోరాడింది.'

ఎందుకు చేశానంటే, మంచి చేస్తున్నాననే అనుకున్నాను. అరవై దాటిన మనిషి. ఆ ఊళ్ళో ఆయన్ను ప్రేమగా తలుచుకునేవాళ్ళు పట్టుమని పదిమంది. భోజనాల దగ్గర, అందరి ముందు, వాళ్ళ చేత ఛీ అనిపించుకోవడం దేనికి? ఎప్పుడో మానిపోయిన పుండు. ఆయన్ను అడిగితే ఒప్పుకోరని తెలుసు. అందుకే అడగలేదు. ఆయనకు ఇంగ్లీషు యార్డు ఫారాలు నింపే మేరకే వచ్చు.

పంపే ముందు అడిగారు. "ఉన్నదున్నట్టు పెట్టావు కదమ్మా?"

"పెట్టిన అంకుల్" అన్నాను, స్క్రీను మీంచి కళ్ళు తిప్పకుండా.

చివరి మ్యాచ్ స్కోరు వచ్చింది. సున్నా ఒకటి. ఆయన లేచి కార్ల వైపు వంగారు. ఆ రోజు ఎక్కువసేపు వంగి ఉన్నారు. నాలుగు రోజుల తరువాత టీచరమ్మ జవాబు వచ్చింది. చరిత్ర అందరి ముందూ చదివారు. పన్నీరాయన కథకు నవ్వారు, కుక్క దగ్గర ఇంకా నవ్వారు. నాన్న మీకు కృతజ్ఞతలు చెప్పమన్నారు. ఆరోగ్యం జాగ్రత్త. నేను చదివి తెలుగులో చెప్పాను. ఆయన ముందుకు వంగి విన్నారు.

"ఇంకేటైనా అన్నాడా?"

"గంతే అంకుల్."

"ఆ మ్యాచ్ గురించి?"

"ఏం లేదు."

"సర్లే" అన్నారు. లేచి వెళ్తూ మళ్ళీ "సర్లే" అన్నారు.

ఆ తరువాతి ఆదివారం ఒంటిగంటకి టిష్యూ ప్యాకెట్ బల్ల మీద ఉంది. ఆ పై ఆదివారమూ ఉంది. క్లబ్బు లేదు, మ్యాచ్ లేదు, రెండింటికి ఏమీ రాదు. ఆయన కాఫీ చల్లారబెట్టుకుని, ఫోను బల్ల మీద పెట్టుకుని, మూడింటి దాకా కూర్చుని పైకి వెళ్ళేవారు. నేను లిఫ్టు దగ్గర నుంచి చూసేదాన్ని. కొన్నిసార్లు వెళ్ళి పక్కన కూర్చున్నాను. చెప్పేద్దామనే కూర్చున్నాను. అమ్మాయికి ఆరో తరగతి పరీక్షలు, ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ విడుదల, ఇలా రోజుకొక వంక దొరికింది. వంకలు సరే, అసలు సంగతి ధైర్యం చాలలేదు. వాక్యాలు మెత్తబరచడంలో ఉన్న నేర్పు నాకు నోరు విప్పడంలో లేదు.

ఆఖరుసారి మాట్లాడింది కూడా ఆ బల్ల దగ్గరే. నన్ను చూసి కొంచెం జరిగి చోటిచ్చారు. పులిహోర లేదు, ఈ మధ్య చేయడం మానేశారు.

"ముప్పై ఏళ్ళు ప్రతి ఆదివారం పంపినోడమ్మా" అన్నారు. "గెలిచినా ఓడినా. ఆళ్ళావిడ చనిపోయిన వారం కూడా పంపాడు. ఇప్పుడు ఒక్క ముక్క పంపలేదు. కోపం న్యాయమే. నేనైతే ముందే తిట్టీసేవాణ్ణి. ఆడు పెద్దమనిషి, తిట్టలేదు. మానేశాడు."

చెప్పబోయాను. "అంకుల్, బిజీగా ఉన్నడేమో" అన్నాను.

"అలాగే అనుకుందాం" అని ఆయనే నన్ను ఓదార్చినట్టు భుజం మీద తట్టారు.

రెండు వారాలకు ఒక పొద్దున, కంపెనీ బస్సెక్కడానికి తయారై, బూట్లు వేసుకుంటూ మంచం మీద వెనక్కి వాలిపోయారట. ఇంటావిడ తలుపు తట్టి, మా ఫ్లాటుకు వచ్చి, "యువర్ ఇండియన్ అంకుల్" అని ఏడ్చింది. గాజువాక నుంచి అన్నకొడుకు వచ్చాడు. దహనానికి యార్డు నుంచి ఎనిమిదిమంది వచ్చారు. బిస్కెట్ డబ్బాలు ఏం చేయాలని అతను అడిగితే, నేను తీసుకున్నాను. టీచరమ్మకు రెండు లైన్లు రాశాను, ఆమె రెండు లైన్లు సంతాపం రాసింది. అంతటితో అయిపోయిందనుకున్నాను.

ఇంతవరకు రాసి ఆదివారం ఇక్కడ ఆపేశాను. చదువుకుంటే బాగానే ఉంది. నా తప్పు కూడా అందంగానే ఒప్పుకున్నాను, తెలుగులో, ఆ ఊళ్ళో ఒక్కరికీ చదవడం రాని భాషలో. ఆయన ఒప్పుకున్నదీ ఇలాగే తెలుగులోనే మిగిలిపోయింది. తేడా ఏమిటంటే ఆయన ఒక మనిషిని నమ్ముకున్నారు.

కాగితాల కట్ట విప్పి ఆ రెండు పేజీలు మళ్ళీ తీశాను. ఈసారి ఒక్క మాట అటూ ఇటూ కాకుండా ఇంగ్లీషులో పెట్టాను. మొదటిసారి నేనేం మార్చానో, ఎవరినీ అడక్కుండా ఎందుకు మార్చానో కింద రాశాను. టీచరమ్మకు పంపాను. నాలుగు రోజులు ఏమీ రాలేదు. ఆఫీసులో కూర్చుని గంటకోసారి ఫోను చూసుకున్నాను. ఎదురుచూడటం అంటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

గురువారం మధ్యాహ్నం జవాబు వచ్చింది. టీచరమ్మ ఇలా రాసింది:

'షాపు మూసి నాన్నకు చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నారు. తరువాత అన్నారు: ఆ రోజు బంతి పెట్టి తలెత్తితే గోలు చిన్నదిగా, దూరంగా కనిపించింది. భయపడ్డాను కాబట్టి అలా కనిపించింది అనుకున్నాను. అప్పటి నుంచి నేను పిరికివాణ్ణని నమ్ముతూ బతికాను. ఎవరికీ చెప్పలేదు, చెబితే సాకు వెతుక్కుంటున్నానంటారని. ఇప్పుడు నా కళ్ళు నిజమే చెప్పాయని తెలిసింది. ఆయనకు నేను రుణపడ్డాను.

నాన్న మిమ్మల్ని ఒక్కటే అడగమన్నారు. క్లబ్బు మూసేశాక ఆదివారాలు ఆయనకు ఏమీ పంపలేదు. పంపడానికి స్కోరు లేదు. స్కోరు కాక ఇంకేం రాయాలో నాన్నకు తెలియలేదు. ప్రతి ఆదివారం ఫోను తీసి, చూసి, పెట్టేసేవారు. దాన్ని ఆయన ఇంకోలా అర్థం చేసుకోలేదు కదా?'

నా వేళ్ళు అలవాటు కొద్దీ ముందే కదిలాయి. 'ఆయన మీ గురించి ఎప్పుడూ ఆప్యాయంగానే మాట్లాడేవారు' అని స్క్రీను మీద వచ్చేసింది. అబద్ధం కూడా కాదది. ఒకసారి చదువుకుని మొత్తం చెరిపేశాను.

'ఇంకోలానే అర్థం చేసుకున్నారు' అని రాశాను. 'మీకు కోపం వచ్చిందనుకున్నారు. మీరు ఇక మాట్లాడరనుకున్నారు. అలా అనుకుంటూనే పోయారు. అందుకు కారణం నేను.' పంపేశాను.